మ్యాప్ కన్నా ముందు టేపు

లాస్ వేగస్‌లో ఆర్వీ (ఇల్లులా అమర్చిన మోటార్‌హోమ్ బండి) అద్దెకు తీసుకుని జయాన్, బ్రైస్ కాన్యన్ పార్కులు, పేజ్ అనే ఊరు, గ్రాండ్ కాన్యన్ చుట్టి మళ్ళీ వేగస్‌కే చేరడం అమెరికాలోని తెలుగు కుటుంబాలకు బాగా అలవాటైన ట్రిప్పు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన ఏడాది అయితే మరీను. రోజుకో హోటల్ మారుతూ సామాను ఎక్కించి దించే బాధ ఉండదు. పెద్దవాళ్ళకు బాత్‌రూమ్ టెన్షన్ ఉండదు. ఏ పూటకా పూట వేడి అన్నం వండుకోవచ్చు. వెనక మంచం మీద పిల్లలు పడుకుంటే, మామ్మ కిటికీ పక్కన కూర్చుని ఎర్ర కొండలు చూస్తూ పోవచ్చు. మోటార్‌హోమ్‌ను ఇష్టపడటానికి ఇంతకన్నా కారణాలు అక్కర్లేదు.

చిక్కు ప్లాన్ వేసే తీరులో ఉంది. మామూలుగా ఎవరో ఒకరు ఎక్సెల్ షీట్ తెరుస్తారు. చూడాల్సిన చోట్లు రాస్తారు. వాటి మధ్య గూగుల్ చూపించిన గంటలు వేస్తారు. తర్వాత క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేస్తారు. చిట్టచివర, ఎంతమంది వస్తున్నారో లెక్క తేలాక, దొరికిన బండి తీసుకుంటారు. కారు ట్రిప్పుకు ఈ వరుసలో తప్పేమీ లేదు. ఆర్వీకి మాత్రం ఇది తలకిందులు. ఏ దారిలో పోవచ్చు, ఎక్కడ ఆగొచ్చు, ఎన్ని రోజులు ఆగొచ్చు అన్నవి చూడాల్సిన చోట్లను బట్టి కాక బండి ఎత్తు, వెడల్పు, బరువు, ట్యాంకులు, బ్యాటరీని బట్టి తేలతాయి. రూట్ ప్లానింగ్ ఒక పని, బండి బాగోగులు ఇంకో పని అని విడదీసి చూడటం దగ్గరే సగం ఇబ్బందులు మొదలవుతాయి. వేగస్ రౌండు ట్రిప్పునే తీసుకుని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

సొరంగం దగ్గర ఆగిపోయే ప్లాను

జయాన్ నుంచి బ్రైస్‌కు కారులో వెళ్ళేవాళ్ళు తూర్పు వైపు దారి పడతారు. మెలికలు తిరుగుతూ కొండెక్కి, జయాన్–మౌంట్ కార్మెల్ సొరంగం దాటి, 89వ నంబరు రోడ్డు అందుకుంటారు. మొత్తం 85 మైళ్ళ లోపే. ఆ సొరంగం 1930లో తెరిచారు, పొడవు 1.1 మైలు. అప్పటి కార్లను దృష్టిలో పెట్టుకుని తొలిచిన సొరంగం అది. పైకప్పు కమానులా వంగి ఉంటుంది కాబట్టి ఎత్తైన బండి తన లేన్‌లో పోతే పై మూల రాతికి తగులుతుంది, రోడ్డు నడిమధ్య నుంచే పోవాలి. అందుకని చాలా ఏళ్ళ పాటు రేంజర్లు ఎదురొచ్చే బళ్ళను ఆపి, 15 డాలర్ల ఫీజు తీసుకుని, ఆర్వీలను మధ్యలోంచి పంపేవాళ్ళు.

2026 జూన్ 7 నుంచి ఆ వెసులుబాటు ఉండదని పార్క్ ప్రకటించింది. ఎత్తు 11 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 10 అంగుళాలు, పొడవు 35 అడుగుల 9 అంగుళాలు, బరువు 50 వేల పౌండ్లు. వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ రోడ్డు లేనట్టే. చాలామంది చూపు ఎత్తు మీదే ఉంటుంది కానీ ఇక్కడ అసలు దెబ్బ వెడల్పుది. డ్రైవరు క్యాబిన్ మీదుగా మంచం ముందుకు పొడుచుకొచ్చి ఉండే క్లాస్ సి బళ్ళే అద్దెకు ఎక్కువగా దొరుకుతాయి. వాటి ఒళ్ళే 8 అడుగుల చిల్లర వెడల్పు ఉంటుంది. బస్సులాంటి క్లాస్ ఎ సంగతి చెప్పక్కర్లేదు. ఇక ఆ దారిలో పోగలిగేది క్లాస్ బి అనే క్యాంపర్ వ్యాన్ ఒక్కటే. అందులో ఆరుగురి కుటుంబం పట్టదు.

మరి ఎటు పోవాలి? మ్యాప్ చూస్తే వెంటనే తోచే దారి ఒకటుంది. వెనక్కి హరికేన్ ఊరికి వచ్చి, 59, 389 రోడ్ల మీదుగా ఆరిజోనాలోకి దిగి, ఫ్రెడోనియా, కనాబ్ మీదుగా మళ్ళీ యూటా ఎక్కి బ్రైస్ చేరడం. సుమారు 160 మైళ్ళు. అయితే బ్రైస్ చూశాక పేజ్‌కు పోవాలంటే మళ్ళీ అదే కనాబ్‌కు దిగాలి. అంటే ఉత్తరానికి ఎక్కిన 75 మైళ్ళూ మర్నాడు అదే రోడ్డు మీద దక్షిణానికి దిగడం. రెండో దారి, జయాన్ నుంచి ఐ-15 ఎక్కి నేరుగా ఉత్తరానికి పోయి, సీడర్ సిటీ దాటాక 20వ నంబరు రోడ్డులో తూర్పుకు తిరిగి, 89 అందుకుని బ్రైస్‌కు రావడం. ఇదీ ఇంచుమించు 150 మైళ్ళే. కానీ ఎక్కువ భాగం ఫ్రీవే, ఒకసారి పోయిన రోడ్డు మళ్ళీ రాదు, బ్రైస్ నుంచి కనాబ్ మీదుగా పేజ్‌కు దిగితే చక్కటి చుట్టు పూర్తవుతుంది. సీడర్ సిటీ నుంచే 14వ నంబరు రోడ్డు ఇంకా దగ్గర అని ఫోను చెబుతుంది. అది దాదాపు 10 వేల అడుగుల ఎత్తుకు ఎక్కి దిగే కొండదారి. నిండు ట్యాంకులతో, కొత్త డ్రైవరుతో ఆ దారి పట్టకపోతే మంచిది.

ఫోనులోని మ్యాప్ బండి ఎత్తు అడగదు. దాని దృష్టిలో ఆర్వీ కూడా కారే. ఎత్తు, పొడవు, బరువు, గ్యాస్ సిలిండరు ఉందా లేదా అన్నవి అడిగి దారి చూపించే ఆర్వీ యాప్‌లు, గార్మిన్ వాళ్ళ ఆర్వీ జీపీఎస్‌లు వేరే ఉన్నాయి. ఒక్క ట్రిప్పుకు జీపీఎస్ కొనడం దండగ అనుకుంటే, యాప్ చందా ఒక్క నెలకు కట్టినా సరిపోతుంది. దానికన్నా ముందు చేయాల్సింది ఇంకోటుంది. బండి తీసుకున్న రోజే పైన ఏసీ కవరు దాకా కొలిచిన ఎత్తు ఎంతో అడిగి తెలుసుకుని, ఒక కాగితం మీద పెద్ద అంకెలతో రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించాలి. వంతెన బోర్డు కనిపించినప్పుడు బ్రేకు వేయాలా వద్దా అని ఆలోచించడానికి రెండు సెకన్లే ఉంటాయి. అప్పుడు పేపర్లు వెతకడం కుదరదు.

తూర్పు తీరంలో ఉన్నవాళ్ళకు ఈ సంగతి ఇంకా ముఖ్యం. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో 11 అడుగుల 8 అంగుళాల రైల్వే వంతెన ఒకటి లారీల, ఆర్వీల పైకప్పులు ఒలిచి ఒలిచి లోకమంతా పేరు తెచ్చుకుంది. 2019 అక్టోబరులో దాన్ని 12 అడుగుల 4 అంగుళాలకు లేపారు. ఆ తర్వాత కూడా గుద్దేవాళ్ళు గుద్దుతూనే ఉన్నారు. కనెక్టికట్‌లోని మెరిట్ పార్క్‌వే 8 అడుగుల ఎత్తు దాటిన బండిని అసలు రానివ్వదు. న్యూజెర్సీ నుంచి వాషింగ్టన్ వైపు పోయేవాళ్ళకు ఎత్తుతో పాటు గ్యాస్ అడ్డం. బాల్టిమోర్‌లోని రెండు సొరంగాల్లోకి 10 పౌండ్లకు మించిన ప్రొపేన్ సిలిండరు ఉన్న బండి పోకూడదు. ఆర్వీలో ఉండేది దానికన్నా పెద్దదే. ఇదివరకు అలాంటి బళ్ళన్నీ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన మీదుగా పోయేవి. 2024 మార్చి 26న ఓడ గుద్ది ఆ వంతెన కూలిపోయింది. ఇక మిగిలింది 695 రింగు రోడ్డు పడమటి వైపు చుట్టు. పాత బ్లాగుల్లో రాసిన సలహా పట్టుకుని పోతే ఏమవుతుందో దీన్ని బట్టే ఊహించుకోవచ్చు.

మోంటానాలోని గ్లేషియర్ పార్క్‌లో గోయింగ్-టు-ది-సన్ రోడ్డుది ఇదే కథ. నడిమి కొండ భాగంలో 21 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు దాటితే అనుమతి లేదు. అద్దెకు దొరికే క్లాస్ సి బళ్ళు చాలావరకు ఇంతకన్నా పొడుగే.

పొడవు గురించి ఒక చిన్న మాట. అద్దె కంపెనీ '30 అడుగుల బండి' అన్నది ఒక రకం పేరు మాత్రమే. టేపు పెడితే 31 దాకా ఉండొచ్చు. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లోని మేథర్ క్యాంప్‌గ్రౌండ్ హద్దు సరిగ్గా 30 అడుగులు. పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో పెద్ద బళ్ళు పడతాయి, కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ మూడూ ఉంటాయి. మేథర్‌లో ఆ మూడూ ఉండవు. బుకింగ్‌లో పొడవు అడిగిన గళ్ళో కంపెనీ పేరులోని అంకె వేయడం చాలామంది చేసే పొరపాటు.

గంటల లెక్క

గూగుల్ నాలుగు గంటలు అంటే ఆర్వీలో ఐదు వేసుకోవాలి. వేగం తక్కువ, ఎక్కుడు దగ్గర ఇంకా తక్కువ, పెట్రోలు పోయించడం కూడా చిన్న పనేం కాదు. బంకులో తిరిగేటప్పుడు వెనక చక్రాల అవతలున్న తోక బయటికి ఊగుతుంది. స్టీరింగ్ ఎడమకు తిప్పితే వెనక కుడి మూల పంపు వైపు జరుగుతుంది. అద్దె బళ్ళకు గీతలు పడేది ఎక్కువగా హైవే మీద కాదు, ఇలాంటి చోట్లే.

ఆర్వీలు నడిపేవాళ్ళ మధ్య ఒక వాడుక లెక్క ఉంది. రోజుకు 300 మైళ్ళు లేదా మధ్యాహ్నం మూడున్నర, ఏది ముందైతే అక్కడ ఆగిపోవాలి. చంటిపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న బండికి 300 కూడా ఎక్కువే, 200 సరిపోతుంది. వెలుతురు ఉండగా చేరాలన్నదే అసలు ఉద్దేశం. చీకట్లో టార్చి పట్టుకుని ఒకరు వెనక నిలబడి 'రా రా' అంటుంటే 30 అడుగుల బండిని చెట్ల మధ్యకు రివర్స్ చేయడం దంపతుల మధ్య మాటలు బందు కావడానికి దగ్గరి దారి.

ఈ ట్రిప్పులో గడియారం కూడా ఒక మెలిక పెడుతుంది. యూటా ఎండాకాలంలో గడియారం గంట ముందుకు జరుపుతుంది, ఆరిజోనా జరపదు, ఆరిజోనాలోనే ఉన్న నవాహో నేషన్ జరుపుతుంది. పేజ్ ఊరు ఆరిజోనా టైములో నడుస్తుంది. యూటా సరిహద్దు పక్కనే కావడంతో ఫోను ఏ టవరు పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది. పేజ్ పక్కనున్న యాంటిలోప్ కాన్యన్ టూరు బుక్ చేసుకున్నవాళ్ళు టూరు కంపెనీ ఏ టైము చెబుతోందో అడిగి, ఒక చేతి గడియారాన్ని దానికే కట్టుబడి ఉంచుకుంటే సరి.

మొత్తం చుట్టు దాదాపు 900 మైళ్ళు. గాలన్‌కు 8 నుంచి 10 మైళ్ళు ఇచ్చే బండికి సుమారు వంద గాలన్ల పెట్రోలు. జనరేటరు కూడా అదే ట్యాంకులోంచి తాగుతుంది. పావు ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి అది తనంతట తాను ఆగిపోతుంది, బండి రోడ్డు మధ్యలో ఎండిపోకుండా చేసిన ఏర్పాటు అది. అంటే రాత్రి ఏసీ కావాలనుకునేవాళ్ళు సాయంత్రం సగం ట్యాంకుతో క్యాంపుకు చేరాలి.

నీళ్ళు వచ్చే దారి, పోయే దారి

ఆర్వీలో మూడు ట్యాంకులు ఉంటాయి. వాడుకునే మంచినీళ్ళది ఒకటి. సింకు, షవరు నీళ్ళు చేరే గ్రే ట్యాంకు ఒకటి. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. క్లాస్ సి బళ్ళలో మంచినీళ్ళు ఒక 40 గాలన్లు, మిగతావి తలా 30 చిల్లర అనుకోవచ్చు. గాలన్ అంటే 3.8 లీటర్లు. అంటే ఆరుగురికి కలిపి 150 లీటర్లు. మన ఇళ్ళలో ఒక్కరి ఒకరోజు వాడకం ఇంత ఉంటుంది.

అందరూ బ్లాక్ ట్యాంకు గురించే భయపడతారు. మన వంట, మన స్నానాలు ఉన్న బండిలో ముందు నిండేది గ్రే ట్యాంకు. పప్పు గిన్నె, సాంబారు గిన్నె, నూనె అంటిన బాణలి, బియ్యం కడిగిన నీళ్ళు, ఐదు నిమిషాల షవరు. షవరు నిమిషానికి రెండు గాలన్లు పోస్తే ముగ్గురు స్నానం చేసేసరికి ట్యాంకు సరి. కంచాలను ముందు పేపర్ టవల్‌తో తుడిచి, తర్వాతే కడిగితే నీళ్ళూ తగ్గుతాయి, ట్యాంకులో జిడ్డు పేరుకోదు. సింకు జల్లెడ తీసేయకూడదు. ట్యాంకులో చేరిన అన్నం మెతుకులు మూడో రోజుకు వాసనతో తమ ఉనికి చాటుకుంటాయి.

బ్లాక్ ట్యాంకు విషయంలో మన అలవాటు ఒక రకంగా మేలు. ఆ ట్యాంకు మొరాయించేది కాగితం ఎక్కువై నీళ్ళు తక్కువైనప్పుడు. గట్టిపడిన ముద్ద ఒకటి టాయిలెట్ కింద పిరమిడ్‌లా పేరుకుంటుంది. నీళ్ళతో కడుక్కునేవాళ్ళ బండిలో ఆ బెడద తక్కువ. కాకపోతే ట్యాంకు త్వరగా నిండుతుంది. డ్రైనేజీ పైపు తగిలించిన చోట కూడా బ్లాక్ వాల్వును తెరిచి ఉంచేయకూడదు. నీళ్ళన్నీ జారిపోయి గట్టిది లోపలే ఉండిపోతుంది. నిండేదాకా మూసి ఉంచి, ఒక్కసారిగా వదలాలి. ముందు బ్లాక్, తర్వాత గ్రే. సబ్బు నీళ్ళు పైపును కడిగేస్తాయి.

వీటన్నిటికీ దారితో సంబంధం ఏమిటంటే, హుకప్ (కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ కనెక్షన్లు) లేని క్యాంపుల్లో వరసగా ఎన్ని రాత్రులు ఉండొచ్చన్నది గ్రే ట్యాంకే చెబుతుంది. ఆరుగురికి రెండు రాత్రులు గట్టిగా. కాబట్టి షీటులో క్యాంపు పేరు పక్కన డంప్ స్టేషన్ (ట్యాంకుల్లోని మురుగు వదిలే చోటు) ఎక్కడ అన్న గడి ఒకటి ఉండాలి. బ్రైస్ పార్క్ లోపలి రెండు క్యాంప్‌గ్రౌండ్లలోనూ హుకప్‌లు లేవు, గేటు బయట రూబీస్ ఇన్ దగ్గర ఉన్నాయి. చలికాలంలో చాలా పార్కులు పైపులు గడ్డకడతాయని డంప్ స్టేషన్లు మూసేస్తాయి. థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో పోయేవాళ్ళు ఈ ఒక్కటీ ఫోన్ చేసి కనుక్కోవాలి.

బ్రైస్‌లో తెల్లవారుజామున

వేగస్ ఎత్తు 2 వేల అడుగులు. బ్రైస్ కాన్యన్ అంచు 8 వేల నుంచి 9 వేల దాకా. వేగస్‌లో చొక్కా తడిసిపోయే అక్టోబరు రోజున బ్రైస్‌లో రాత్రి నీళ్ళు గడ్డకడతాయి. ఈ రెండింటి మధ్య ఒక్కరోజు ప్రయాణమే.

చలికి హీటరు వేస్తారు. అది ప్రొపేన్‌తో నడుస్తుంది కాబట్టి కరెంటుతో పని లేదనుకుంటారు. ఆ వేడిని గదిలోకి ఊదే ఫ్యాన్ మాత్రం 12 వోల్టుల బ్యాటరీ మీద తిరుగుతుంది, గంటకు 7-8 యాంపియర్-అవర్లు లాగుతుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 100 యాంపియర్-అవర్లది అయితే అందులో సగమే వాడుకోవాలి, అంతకన్నా దించితే బ్యాటరీ ఆయుష్షు పోతుంది. చేతిలో ఉన్నది 50. పది గంటల రాత్రిలో హీటరు సగం సేపు తిరిగినా 40 అయిపోతుంది. లైట్లు, ఫ్రిజ్ బోర్డు, గ్యాస్ అలారం మిగతాది తింటాయి. తెల్లవారి నాలుగింటికి ఫ్యాన్ మూలుగుతూ ఆగిపోతుంది. జనరేటరు వేద్దామంటే పార్కుల్లో రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా నిశ్శబ్ద వేళలు. పిల్లలు దుప్పట్లలో ముడుచుకుంటారు, తాతగారు కోటు వేసుకుని కూర్చుంటారు.

మొత్తం ట్రిప్పులో ఒక్క రాత్రికే హుకప్ దొరికే పరిస్థితి అయితే, ఆ ఒక్కటి బ్రైస్‌లో తీసుకోవాలి. జయాన్‌లోనో పేజ్‌లోనో తీసుకుని బ్రైస్‌లో మానేయడం వ్యూ చూసి వేసిన ప్లాను, బ్యాటరీ చూసి వేసింది కాదు.

కరెంటు ఉన్న చోటా లెక్క తప్పదు. 30 యాంపియర్ల ప్లగ్గు, 120 వోల్టులు, మొత్తం 3,600 వాట్లు. పైకప్పు ఏసీ 1,500, మైక్రోవేవ్ 1,500, రైస్ కుక్కరు 700. మూడూ ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది. అన్నం ఉడికేదాకా ఏసీ ఆపాలి. అంతే.

పోపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎండుమిరపకాయ మాడిన క్షణాన పొగ అలారం మోగుతుంది. మోత భరించలేక దాని బ్యాటరీ పీకేయడం, తర్వాత మళ్ళీ పెట్టడం మర్చిపోవడం మనవాళ్ళలో మామూలు. గ్యాస్ సిలిండరు, పెట్రోలు ట్యాంకు, జనరేటరు పొగ, నిద్రపోతున్న ఆరుగురు ఒకే డబ్బాలో ఉన్న చోట అది చాలా పెద్ద తప్పు. పైకప్పు ఫ్యాన్ తెరిచి, కిటికీ ఒకటి తెరిచి పోపు వేయాలి. లేదా ఇంటి దగ్గరే పోపు వేసి డబ్బాలో తెచ్చుకోవాలి. నేలకు దగ్గరగా ఉండే అలారం ప్రొపేన్‌ది, గాలికన్నా బరువు కాబట్టి అది కిందే చేరుతుంది. దాని ముందు చెప్పుల సంచి పెట్టకూడదు.

బరువు, టైర్లు

అద్దె బళ్ళు చాలావరకు ఫోర్డ్ ఇ-450 లాంటి లారీ చాసీ మీద కట్టినవి. దాని మొత్తం బరువు హద్దు 14,500 పౌండ్లు. ఇల్లు కట్టాక మనుషులకు, సామానుకు మిగిలింది ఎంతో తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఆ అంకెలోనే మనుషులూ ఉంటారు, నీళ్ళూ ఉంటాయి. 40 గాలన్ల నీళ్ళు అంటే 330 పౌండ్ల పైమాట. ఆరుగురు 900. బియ్యం, కుక్కర్లు, సూట్‌కేసులు, మంచినీళ్ళ కేసులు ఇంకో 500. అన్నీ కలిపితే 1,700 దాటిపోయాయి. హుకప్ ఉన్న క్యాంపుకు పోతున్న రోజు నిండు ట్యాంకు మోసుకుపోవడం దండగ, పావు వంతు చాలు. అనుమానం ఉంటే ట్రక్ స్టాపులోని వేబ్రిడ్జి మీద తూయించుకోవచ్చు. పది నిమిషాల పని, కొద్ది డాలర్ల ఖర్చు.

బరువు ఎక్కువై, గాలి తక్కువైతే టైరు లోపల వేడెక్కి పేలుతుంది. ఆర్వీ టైర్లు అరిగి పోవు, ముసలివై పోతాయి. నేలకు ఆనే గుండీలు కొత్తగానే కనిపిస్తాయి కానీ ఎండకు పక్కల రబ్బరు పగుళ్ళిస్తుంది. టైరు పక్కన డాట్ అన్న అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగు అంకెలు చూడాలి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది అని. ఐదారేళ్ళు దాటిన టైరుతో జులైలో మహావి ఎడారి దాటడం జూదం. గాలి ఉదయాన్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మధ్యాహ్నం వేడికి గాలి పెరిగిందని తీసేస్తే మర్నాడు తక్కువవుతుంది. వెనక జంట చక్రాల్లో లోపలిదాన్ని ఎవరూ చూడరు. అది ఒక్కటే మెత్తబడితే బయటిది రెండు చక్రాల బరువు మోసి మోసి ముందు పోతుంది.

దిగుడులో మాత్రం శ్రీశైలం ఘాట్‌లో బస్సు డ్రైవరు చేసే పనే చేయాలి. గేరు దించి ఇంజనుతో పట్టుకోవాలి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదు. ఇ-450లో టో/హాల్ అని ఒక బటన్ ఉంటుంది, దాన్ని నొక్కి బ్రేకు కొద్దిగా తడితే గేరు దానంతట అదే దిగుతుంది. బండి తెచ్చుకున్న మొదటి గంటలోనే ఈ బటన్ ఎక్కడుందో తెలిసి ఉండాలి.

సొంత బండి అయితే

కొనుక్కున్నవాళ్ళకు అసలు శత్రువు ఇంజను కాదు, వాన. ఆర్వీ గోడ అంటే చాలావరకు పల్చటి ప్లైవుడ్, ఫోమ్, పైన ఫైబర్ గ్లాస్ అతికించిన పొరలు. పైకప్పు మీద ఏసీ, ఫ్యాను, పైపు గొట్టాలు, నిచ్చెన, ఇలా ఎన్ని కన్నాలో. ప్రతి కన్నం చుట్టూ పూసిన సీలెంట్ ఎండకు చిట్లుతుంది. వెంట్రుక మందం చీలికలోంచి దిగిన నీళ్ళు గోడలో నెలల పాటు నానుతాయి. బయటికి ఉబ్బు కనిపించేసరికి లోపల చెక్క పిండి అయిపోయి ఉంటుంది. ఆ రిపేరు ఖర్చు ఒక్కోసారి బండి వెలను మించుతుంది. ఏడాదికి రెండుసార్లు నిచ్చెన వేసుకుని పైకెక్కి, చిట్లిన చోట తనంతట తాను పరుచుకునే డైకార్ లాంటి సీలెంట్ పూయడం గంట పని. రబ్బరు కప్పు అయితే పెట్రోలు రకం క్లీనర్లు దానికి పడవు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు సిలికాన్ పూస్తే తర్వాత దాని మీద ఏదీ అతకదు, గీకి తీయడమే పెద్ద పని.

జనరేటరు వాడకపోతే చెడుతుంది. నెలకోసారి సగం లోడు మీద ఓ రెండు గంటలు తిప్పాలి, లేకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోలు జిగురవుతుంది. నీళ్ళ హీటరు సబర్బన్ కంపెనీదైతే లోపల యానోడ్ కడ్డీ ఉంటుంది. ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడమే దాని ఉద్యోగం. ఏడాదికోసారి విప్పి, ముప్పావు వంతు కరిగి ఉంటే మార్చాలి. ఆట్‌వుడ్ హీటర్లది అల్యూమినియం ట్యాంకు, వాటికి కడ్డీ ఉండదు. యూట్యూబ్ చూసి లేని కడ్డీ కోసం వెతికేవాళ్ళూ ఉన్నారు.

షికాగో, మిచిగన్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్నవాళ్ళు చలికాలానికి ముందు పైపుల్లో నీళ్ళన్నీ తీసేసి, హీటరును బైపాస్ చేసి, గులాబీ రంగు ఆర్వీ యాంటీఫ్రీజ్ ఎక్కించాలి. కారు రేడియేటర్‌లో పోసే పచ్చది విషం, అది ఇందులో పోయకూడదు. షవరు, టాయిలెట్, బయటి కుళాయి అన్నిటిలోనూ గులాబీ రంగు వచ్చేదాకా తిప్పాలి. ఒక్క మోచేతి పైపులో నీళ్ళు మిగిలినా చాలు, అది పగిలిన సంగతి ఏప్రిల్‌లో మోటారు వేసినప్పుడు తెలుస్తుంది.

ఇది కూడా చివరికి దారి ప్రశ్నే అవుతుంది. క్రిస్మస్ సెలవులకు షికాగో నుంచి ఫ్లోరిడా పోయి తిరిగొచ్చే కుటుంబం ఉందనుకుందాం. పోయేటప్పుడు టెనెసీ దాటేదాకా ట్యాంకుల్లో నీళ్ళు నింపకూడదు. వచ్చేటప్పుడు జార్జియాలోనో, నాష్‌విల్‌కు ఇవతలో ఆఖరి డంప్ స్టేషన్ చూసుకుని రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, అక్కడే పార్కింగ్‌లో నిలబడి పైపులకు గులాబీ మందు ఎక్కించేయాలి. అక్కడి నుంచి ఇంటిదాకా తాగడానికి బాటిల్ నీళ్ళు, చేతులకు వెట్ వైప్స్, బాత్‌రూమ్‌కు ట్రక్ స్టాపులు. టాయిలెట్ తప్పనిసరిగా వాడాల్సి వస్తే నీళ్ళకు బదులు కాస్త యాంటీఫ్రీజ్‌నే పోసి వదలొచ్చు. ఒక గాలన్ అదనంగా కొని సింకు కింద పెట్టుకుంటే ఇల్లు చేరేదాకా సరిపోతుంది.